తిలోత్తమ టీచరుకి ముగ్గురు చెప్పిన సంగీతం

దా, ఇటు జరుగు. కాళ్ళు తుడుచుకున్నావా? సరే, దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి, నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను.

అనగనగా, అంటే మరీ అంత అనగనగా కూడా కాదులే, చెరుకు ఫ్యాక్టరీ కూత వేస్తే అందరూ గడియారాలు సరిచేసుకునే రోజుల్లో, రేగుపాలెం అనే ఊళ్ళో ఒక ఆడపిల్లల బడి ఉండేది. ఆ బడికి కొత్తగా ఒక సంగీతం టీచరు వచ్చింది. ఆవిడ పేరు తిలోత్తమ.

తిలోత్తమ బాగా పాడేది. ఎంత బాగా అంటే, ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తే పక్కింటివాళ్ళు రేడియో కట్టేసేవాళ్ళు. అందుకని ఆవిడ ఏమనుకుందంటే, పాడడం వచ్చాక నేర్పడం ఎంతసేపు అనుకుంది.

మొదటి రోజు తరగతిలోకి వెళ్ళింది. శ్రుతిపెట్టె పెట్టింది. ఒక పాట హాయిగా పాడి, "ఏదీ, ఇప్పుడు మీరు అనండి" అంది.

అన్నారు. అమ్మో, ఏం చెప్పమంటావు! కొందరు పైకి వెళ్ళిపోయారు. కొందరు కిందికి జారిపోయారు. కొందరు ముందు పరిగెత్తారు, కొందరు ఇంకా మొదలే పెట్టలేదు. కిటికీ మీద కూర్చున్న పావురాలు లేచిపోయాయి.

ఆ గోలలో వెనక బెంచీలోంచి ఒక గొంతు వినపడింది. లావుగా, బరువుగా, బావిలోంచి మాట్లాడినట్టు ఉంది. అది నూకరత్నం గొంతు. నూకరత్నం వాళ్ళ నాన్న చెరుకు బండి తోలేవాడు. ఆ పిల్ల నోరు తెరిచేసరికి తరగతి అంతా పకపకా నవ్వేసింది.

తిలోత్తమకి ఏం చెయ్యాలో తోచలేదు. దగ్గరికి వెళ్ళి, తల నిమిరి, చాలా మెత్తగా, "అమ్మా నూకరత్నం, నువ్వు పెదాలు కదుపు చాలు. గొంతు బయటికి రానివ్వకు" అంది.

మెత్తగా అన్నా తగిలేది తగులుతుంది కదా. ఆ పిల్ల ఆ రోజంతా పెదాలు కదిపింది. మర్నాటి నుంచి సంగీతం గంట కొట్టగానే, కడుపునొప్పి అని చెప్పి కుళాయి దగ్గర మెట్ల మీద కూర్చునేది.

ఆ తర్వాత ఏమైందంటే, పెద్ద టీచరు ఆదిశేషమ్మ గారు పిలిచారు. "తిలోత్తమ గారూ, వార్షికోత్సవానికి పైనుంచి ఆఫీసరు వస్తున్నారు. పిల్లలందరూ కలిసి ఒక పాట పాడాలి. బాగుంటే సరే. బాగాలేకపోతే మీ పీరియడు కుట్టుపనికి ఇచ్చేస్తాను. సూదులు కూడా తెప్పించేశాను" అన్నారు.

తిలోత్తమకి దిగులు పట్టుకుంది. సంగీతం లేని బడిలో తను మాత్రం ఏం చేస్తుంది? పోనీ, నేర్పడం తెలిసినవాళ్ళని అడుగుదాం అనుకుంది.

అప్పుడు ముందుగా వీణ జోగారావు గారింటికి వెళ్ళింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆయన వీణ పక్కన పెట్టి, ఆవిడ చెప్పిందంతా విని, "నువ్వు పాడు, వాళ్ళని విననియ్యి. చెవి తయారవకుండా గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందమ్మాయ్? నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని ముందు కొన్నాళ్ళు వీణ ముట్టుకోనివ్వను. కూర్చోబెట్టి వినిపిస్తాను, అంతే" అన్నారు.

నిజమే కదా అనుకుంది తిలోత్తమ. వారమంతా తనే పాడింది. పిల్లలు విన్నారు. విని విని ముందు బెంచీ వాళ్ళు నిద్రపోయారు. వెనక బెంచీ వాళ్ళు చింతగింజలు ఆడుకున్నారు.

అప్పుడు బ్యాండు మేళం ఇస్మాయిల్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. పెళ్ళి ఊరేగింపుల్లో ఆయన చెయ్యి ఎత్తితే చాలు, క్లారినెట్లూ డోళ్ళూ అన్నీ ఒక్కసారి లేచేవి. చెయ్యి దించితే ఒక్కసారి ఆగేవి. ఆయన జోగారావు గారి మాట విని నవ్వారు.

"టీచరమ్మా, మీరు పాడితే వాళ్ళెప్పుడు పాడతారు? మీరు నోరు మూసుకోండి. చెయ్యి ఆడించండి. ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు వదలాలో చెబితే చాలు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. నాకు పాడడం రానే రాదు, తెలుసా?" అన్నారు.

ఇదీ నిజమే కదా అనుకుంది తిలోత్తమ. మరుసటి వారం నోరు విప్పలేదు. చెయ్యి మాత్రం ఆడించింది. పిల్లలు ఆ చేతినే చూస్తూ ఉత్సాహంగా అరిచారు. చెయ్యి పైకి లేపితే గట్టిగా అరిచారు, కిందికి దింపితే మెల్లిగా అరిచారు. అందరూ కలిసే అరిచారు, అది ఒప్పుకోవాలి. కానీ అది పాట కాదు.

ఇక మూడోసారి చర్చిలో పాటలు కట్టే కరుణమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని, వచ్చిన మనిషి గొంతుని బట్టి అప్పటికప్పుడు వరస కట్టేసేవారు. ఆ రోజు మాత్రం పొయ్యి దగ్గర పకోడీలు వేయిస్తూనే చెప్పారు.

"వినడం, పాడడం తర్వాత సంగతి తల్లీ. ముందు ఆ పాట వాళ్ళకి సరిపోయిందో లేదో చూశావా? చొక్కా పొట్టిదైతే చొక్కా మారుస్తాం గానీ పిల్లాడి చేతులు కోస్తామా? పాట మార్చు. కొత్తది కట్టు."

అబ్బ, ఇది ఇంకా నిజం అనుకుంది తిలోత్తమ. ఇంటికి వచ్చి, చెరుకు బండ్ల మీద నాలుగు ముక్కలు రాసి వరస కట్టింది. "బండి సాగెనే, గాలి ఊగెనే" అని వచ్చేది. పిల్లలకి బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మార్చేసుకున్నారు. నాలుగు రోజులకి అది ఏ పాటో కట్టినావిడకే గుర్తు పట్టడం కష్టమైంది.

వింటున్నావా? ఊఁ అను.

వార్షికోత్సవం దగ్గరికొచ్చేసింది. తిలోత్తమకి అన్నం సయించడం మానేసింది. పాడనా మాననా, చెయ్యి ఊపనా మాననా, పాత పాటా కొత్త పాటా, ఏదీ తేలలేదు. చివరికి, ముగ్గుర్నీ ఒక్కచోట కూర్చోబెడితే వాళ్ళే తేల్చేస్తారు కదా అని, శనివారం మధ్యాహ్నం బడికి పిలిచింది.

ముగ్గురూ వచ్చారు. టీ తాగారు. టీ తాగుతుండగానే మొదలెట్టారు.

"వినకుండా ఏం పాడతారయ్యా?" అన్నారు జోగారావు గారు.

"పాడకుండా ఏం వింటారండీ?" అన్నారు ఇస్మాయిల్ మాస్టారు.

"మీరిద్దరూ పిల్లల్ని అసలు చూశారా?" అన్నారు కరుణమ్మ గారు.

సరే, చూద్దాం అని ముగ్గురూ తరగతిలోకి వచ్చారు. పిల్లలు బండి పాట పాడారు. ముగ్గురూ చివరిదాకా విన్నారు. ఆ తర్వాత జోగారావు గారు తల ఊపుతూ, "కింద ఏదో లేదు" అన్నారు. "అవును, డోలు లేని మేళంలా ఉంది" అన్నారు ఇస్మాయిల్ మాస్టారు. "అడుగు ఊడిన గిన్నెలా ఉంది" అన్నారు కరుణమ్మ గారు.

మొట్టమొదటిసారి ముగ్గురూ ఒక్కమాట మీదికి వచ్చారు! తిలోత్తమ సంతోషపడే లోపే మళ్ళీ విడిపోయారు. తంబురా కావాలని ఒకరు, డోలు కావాలని ఒకరు, హార్మోనియం కావాలని ఒకరు.

అప్పుడు ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "అది నూకరత్నం లేదు కదా టీచర్, అందుకు. దానిదే లావు గొంతు" అంది.

తిలోత్తమ మొహం తెల్లబోయింది. ఆ ముగ్గుర్నీ అలాగే వాదించుకోమని వదిలేసి కుళాయి దగ్గరికి నడిచింది. నూకరత్నం మెట్ల మీద కూర్చుని, పుల్లతో నేల మీద గీతలు గీస్తోంది. తిలోత్తమ చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా ఆ పక్కనే కూర్చుంది.

"నూకరత్నం, ఆ రోజు నేను అలా అనకూడదు. నీ గొంతు ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కాక దాచెయ్యమన్నాను."

ఆ పిల్ల తల ఎత్తకుండానే, "ఇప్పుడు అర్థమైందా టీచర్?" అంది.

తిలోత్తమ ఆలోచించింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదమ్మా" అంది.

నూకరత్నానికి నవ్వొచ్చింది. "అయితే వస్తాను" అంది. పుల్ల పారేసి, పరికిణీ దులుపుకుని లేచింది.

వచ్చింది సరే, గందరగోళం తగ్గిందా అంటే తగ్గలేదు. నూకరత్నానికి తగ్గట్టు శ్రుతి దించితే సన్న గొంతులవాళ్ళు "అందట్లేదు టీచర్" అనేవాళ్ళు. పెంచితే నూకరత్నం నోరు తెరిచి ఊరుకునేది. ఇద్దరికీ మధ్యలో పెడితే ఎవరికీ సుఖంగా లేదు. అలాగే లాక్కొస్తూ ఉండగా వార్షికోత్సవం రోజు రానే వచ్చింది.

పందిరి వేశారు. మామిడాకులు కట్టారు. ఆఫీసరు గారు దండ వేయించుకుని కూర్చున్నారు. ముందు వరసలో జోగారావు గారు, ఇస్మాయిల్ మాస్టారు, కరుణమ్మ గారు కూడా కూర్చున్నారు. ఆదిశేషమ్మ గారైతే రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

పిల్లలు వరసలుగా నిలబడ్డారు. తిలోత్తమ వాళ్ళ ఎదురుగా నిలబడి చెయ్యి పైకి ఎత్తింది.

ఎత్తింది, అంతే. అక్కడే ఆగిపోయింది. తను పాడితే ఇస్మాయిల్ మాస్టారు ఏమంటారో. పాడకపోతే జోగారావు గారు ఏమంటారో. శ్రుతి ఎంతలో అనుకున్నాం? మొదటి మాట బండా, గాలా? ఆవిడ బుర్రలో అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయి, ఏదీ దొరకలేదు. చెయ్యి పైనే ఉంది. పిల్లలు ఆ చేతిని చూస్తున్నారు. పందిట్లో జనం చూస్తున్నారు. ఎవరో దగ్గారు. ఆఫీసరు గారు కుర్చీలో అటు నుంచి ఇటు తిరిగారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. లావుగా, బరువుగా, మెల్లిగా. "బండి సాగెనే..."

నూకరత్నం! అనుకున్న శ్రుతి కంటే ఇంకా కిందికి ఎత్తుకుంది. మిగతావాళ్ళు ఉలిక్కిపడి అందుకున్నారు. అందినవాళ్ళు నూకరత్నంతో కింద పాడారు. అందనివాళ్ళు అదే పాటని పైన ఎక్కడో పాడారు. మేడ మీద కొందరు, మేడ కింద కొందరు ఉండి ఒకే ఇంట్లో మాట్లాడుకున్నట్టుంది. తిలోత్తమకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. కానీ ఒళ్ళు జలదరించింది.

అంతలోనే ఇంకో ముప్పు వచ్చింది. కుడివైపు వాళ్ళు రెండో చరణంలోకి వెళ్ళిపోయారు. ఎడమవైపు వాళ్ళు ఇంకా మొదటి చరణంలోనే ఉన్నారు. రెండూ జడ అల్లినట్టు అల్లుకుపోయాయి. అయిపోయింది, ఇక కుట్టుపనే అనుకుంది తిలోత్తమ. చెయ్యి దానంతట అదే కిందికి వాలిపోయింది. చెయ్యి దిగగానే పిల్లలంతా ఆగారు. అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. తీసుకుని, అందరూ కలిసి, "బండి సాగెనే" అని మళ్ళీ ఎత్తుకున్నారు.

పాట అయిపోయింది. ఆ తర్వాత చప్పట్లే చప్పట్లు.

"చాలా చిత్రంగా కట్టారమ్మా, ఎవరు కట్టారు?" అని అడిగారు ఆఫీసరు గారు.

"తెలీదండీ" అంది తిలోత్తమ. నిజంగానే తెలీదు. ఆయన మాత్రం, ఎంత వినయం అనుకున్నారు. ఆదిశేషమ్మ గారు ఇటు తిరిగి, "సంగీతం ఉంటుంది లెండి. కుట్టుపని శనివారం పెట్టుకుందాం" అన్నారు.

అప్పుడు మన ముగ్గురూ వచ్చారు.

"చూశావా, ముందు వినిపించమన్నాను గనకే ఆ పిల్ల అంత చక్కగా ఎత్తుకుంది" అన్నారు జోగారావు గారు.

"అసలు ఆ చెయ్యి అంతసేపు ఆపారు చూడండీ! అంత గుండె ధైర్యం నాకు లేదు టీచరమ్మా" అన్నారు ఇస్మాయిల్ మాస్టారు.

"చొక్కా సరిపోయింది తల్లీ" అని కళ్ళు తుడుచుకున్నారు కరుణమ్మ గారు.

ముగ్గురూ, ఎవరికి వాళ్ళు తమ మాటే విన్నదని, తిలోత్తమని దీవించారు. తిలోత్తమ ముగ్గురికీ దండం పెట్టింది. కానీ తను విన్నది ఎవరి మాటో ఆవిడకే తెలీలేదు. అటూ ఇటూ చూసి, లడ్డూ తింటున్న నూకరత్నాన్ని పట్టుకుంది.

"ఏమే, నిన్ను ఎవరు మొదలెట్టమన్నారు?"

నూకరత్నం నోట్లో లడ్డూ మింగి, "ఎవరూ అనలేదు టీచర్. మీ చెయ్యి అలాగే పైన ఉండిపోయింది కదా. పాపం, నొప్పి పుడుతుందేమోనని" అంది.

తిలోత్తమ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని నవ్వింది చూడు, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. జోగారావు గారూ, ఇస్మాయిల్ మాస్టారూ, కరుణమ్మ గారూ, ఆవిడ ఎందుకు నవ్వుతోందో తెలీక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఏమిటీ? ముగ్గురిలో ఎవరు చెప్పింది నిజమంటావా? ఏమోనే బంగారం. ఇన్నిసార్లు చెప్పాను ఈ కథ, నాకూ తెలీలేదు. ఒకసారి జోగారావు గారు అనిపిస్తుంది, ఒకసారి కరుణమ్మ గారు అనిపిస్తుంది. నువ్వు పెద్దయ్యాక నాకు చెబుదువుగాని. ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో కంటి గడప తట్టింది,
పాటేమో పందిట్లోనే ఆగింది,
పాపేమో పక్కమీద వాలింది.