గాజు మీది ఊపిరి

హైదరాబాదులో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఒక స్టూడియోలో మురహరి అనే గొప్ప పనివాడు ఉండేవాడు. కానీ జనం థియేటరుకు వచ్చేది తన ఆకాశాలు చూడటానికేననీ, కథ అనేది వాటి మధ్య ఖాళీలు నింపే సరుకు మాత్రమేననీ అతని గట్టి నమ్మకం.

పనితనంలో అతనికి వంక పెట్టడానికి లేదు. నల్లటి తెర మీద చుక్కలు పరిచి, వాటి మధ్య లేని గ్రహాన్ని తిప్పి, ఆ గ్రహం మీద లేని సముద్రానికి అలలు పుట్టించేవాడు. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు. అది చూసి మురహరికి కడుపు నిండేది. దర్శకుడు ఒక ఉల్క అడిగితే పాతిక రాల్చేవాడు. ఒక చంద్రుడు చాలయ్యా అంటే, "పక్కన ఇంకోటి ఉంటే నిండుగా ఉంటుంది సార్" అంటూ మూడోది కూడా పెట్టేవాడు.

అతనికి ఇంకో అలవాటు ఉండేది. స్క్రిప్టు చేతికి రాగానే, గ్రాఫిక్స్ అవసరమైన పేజీలకు పసుపు కాగితాలు అంటించమని తన టీముకు ఇచ్చేవాడు. తర్వాత ఆ పసుపు పేజీలే చదివేవాడు. "మిగతావన్నీ మాటలేగా, మాటలతో మనకేం పని?" అనేవాడు. పదహారేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాడు. ఏ సినిమా కథా పూర్తిగా తెలియకుండానే అన్ని సినిమాలకూ పేరు తెచ్చుకున్నాడు, అదీ ఒక ఘనతే!

ఆ ఏడాది కాత్యాయని గారనే దర్శకురాలు రోదసి కథ ఒకటి పట్టుకొచ్చారు. చాలా పెద్ద సినిమా. ఎండిపోతున్న గ్రహాన్ని వదిలి, జనం ఒక ఓడలో కొత్త గ్రహానికి బయలుదేరతారు. అందులో భృగు అనే ఇంజనీరూ, ఇల అనే అతని ఎనిమిదేళ్ల కూతురూ ఉంటారు. సగం దారిలో ఓడ తలుపు ఒకటి ఇరుక్కుపోతుంది. ఎవరైనా బయటికి వెళ్లి చేత్తో మూస్తే తప్ప అది మూసుకోదు. భృగు నడుముకు తాడు కట్టుకుని వెళతాడు. లోపల కిటికీ దగ్గర ఇల నిలబడి నాన్న ముఖం చూస్తూ ఉంటుంది. అతని దగ్గరున్న గాలి అయిపోతూ ఉంటుంది. సినిమా మొత్తానికి గుండెకాయ ఆ సన్నివేశమే.

మురహరికి మాత్రం ఆ సన్నివేశంలో భృగు పెట్టుకున్న హెల్మెట్ గాజే కనిపించింది. అంత పెద్ద గాజు, అంత దగ్గరగా, తెర నిండా! ఇంక ఆగుతాడా? దాని మీద నీహారిక అనే రోదసి ధూళిమబ్బు ప్రతిబింబం పెట్టాలని నిర్ణయించుకున్నాడు. పదకొండు నెలలు దాని మీదే కూర్చున్నాడు. ఊదా, నారింజ, నెమలికంఠం రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయేలా నేశాడు. తన జీవితంలో అంత అందమైనది ఎప్పుడూ చేయలేదని అతనికే తెలుసు.

ఆ టీములో హిమజ అనే అమ్మాయి ఉండేది. షూటింగులో పడిన మరకలూ, తీగలూ, దుమ్మూ ఫ్రేము ఫ్రేముకూ తుడవడం ఆమె పని. ఒకరోజు ఆమె మురహరి దగ్గరికి వచ్చింది.

"సార్, గాజు మీద లోపలి వైపు ఆవిరి పడుతోంది. యాక్టర్ ఊపిరి ఆవిరి. ఒకసారి పెద్దగా వస్తోంది, ఒకసారి చిన్నగా వస్తోంది. తుడిచేయాలా?"

"తుడవకపోతే ఎలా? నా నీహారిక మసకబారిపోదూ!"

"కావాలని పెట్టారేమో సార్. ఒక్క మాట మేడమ్‌ని అడగనా?"

"ఊపిరి ఆవిరి ఎవరైనా కావాలని పెడతారా హిమజా? ప్రతి చిన్నదానికీ మేడమ్‌ని అడుగుతూ కూర్చుంటే సినిమా ఎప్పుడు విడుదలవుతుంది? మరక మరకే. తుడిచెయ్."

హిమజ మూడు వారాలు కూర్చుని తుడిచేసింది. గాజు తళతళలాడింది. దాని మీద నీహారిక పురి విప్పింది.

కాత్యాయని గారికి ఒక పద్ధతి ఉంది. సినిమా విడుదలకు ముందు ఒక ఆదివారం పొద్దున, స్టూడియోలోని చిన్న థియేటర్లో వంటవాళ్లకూ, డ్రైవర్లకూ, వడ్రంగులకూ, దర్జీలకూ ఇంటిల్లిపాదితో సహా సినిమా చూపించేవారు. అందరికీ టిఫిన్ పెట్టించేవారు. తను మాత్రం తెరకు వీపు పెట్టి, ముందు వరసకు ఎదురుగా స్టూలు వేసుకుని, జనం ముఖాలు చూస్తూ కూర్చునేవారు. "తెర మీద ఏముందో నాకు తెలుసు. వీళ్ల ముఖాల మీద ఏముందో తెలియదు" అనేవారు.

గాజు సన్నివేశం శనివారం సాయంత్రానికి గానీ తయారు కాలేదు. "ఒకసారి చూస్తారా మేడమ్?" అని మురహరి అడిగాడు.

"నీ పనికి నేను వంక పెడతానా మురహరీ? రేపు జనమే చూసి చెబుతారు" అని ఆవిడ నవ్వేశారు.

ఆదివారం థియేటర్ నిండిపోయింది. మురహరి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గాజు సన్నివేశం వచ్చింది. నీహారిక తెరంతా పరుచుకోగానే హాలంతా "అబ్బ!" అన్నది. పిల్లలు వేళ్లు పెట్టి చూపించుకున్నారు. మురహరికి ఒళ్లు పులకరించింది.

సినిమా అయ్యాక క్యాంటీన్లో ఇడ్లీలు వడ్డిస్తున్న సైదమ్మ దగ్గరికి వెళ్లాడు. సైదమ్మ ఆ స్టూడియోలో పన్నెండేళ్లుగా వంట చేస్తోంది. మొహమాటం అంటే ఏమిటో ఆమెకు తెలియదు.

"ఎలా ఉంది సైదమ్మా?"

"మస్తుగుంది సారూ. ఆ అద్దంల రంగులు చూస్తే కండ్లు తిరిగినయ్. గానీ ఒక్కటి చెప్పు. తండ్రి ఆ తలుపు కాడనే సచ్చిపోయిండు గదా. ఆ పిల్ల ఎందుకు నవ్వింది? అయ్య సచ్చిపోతే ఏ బిడ్డన్న నవ్వుతదా? మల్ల ఆఖరుకు బిడ్డ పక్కన ఎట్ల కూసున్నడు? దయ్యమా ఏంది?"

"నేనైతే కల అనుకున్నా" అన్నాడు పక్కనున్న దర్జీ. "కాదు, కవల తమ్ముడయి ఉంటాడు" అన్నాడు ఒక డ్రైవరు. అక్కడ పెద్ద చర్చే జరిగింది. కథ గొడవ నాకెందుకని మురహరి ఇడ్లీ మీద చట్నీ వేసుకున్నాడు.

అంతలో కాత్యాయని గారు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

"నా లెక్క తప్పింది మురహరీ. ఆ సీనులో ఒక్కరి ముఖం కూడా బిగుసుకోలేదు. ఎగ్జిబిషన్‌కు వచ్చినట్టు కళ్లు పెద్దవి చేసుకుని అటూ ఇటూ చూస్తున్నారు. నేను రాసింది ఎవరికీ అందలేదు. రేపు మధ్యాహ్నం ఎడిటర్ని పిలుస్తున్నాను. ఆఖరి సీను తీసేస్తాను. భృగు తలుపు దగ్గరే పోతాడు, పిల్ల ఒక్కతే దిగుతుంది." ఆవిడ బలవంతంగా నవ్వారు. "నీ గాజు మాత్రం అద్భుతమట. అందరూ అదే మాట."

ఆవిడ వెళ్లిపోయాక హిమజ వచ్చి, మురహరి ముందు స్క్రిప్టు తెరిచి పెట్టింది. "సార్, యాభై మూడో పేజీ. దీనికి పసుపు కాగితం లేదు. ఇది ఓడ లోపలి సీను, గ్రాఫిక్స్ లేవని మనం అంటించలేదు."

మురహరి చదివాడు. అందులో ఇలా ఉంది: ఇల గాజు మీది ఆవిరినే చూస్తోంది. నాన్న ఊపిరి వదిలినప్పుడల్లా ఆవిరి. ముందు అరచేయంత. తర్వాత రూపాయి బిళ్లంత. తర్వాత బొట్టంత. తర్వాత ఏమీ లేదు. తలుపు మూసుకుంది. నాన్న తాడు చివర కదలకుండా తేలుతున్నాడు. ఇల కదల్లేదు. గాజు మీద మెల్లగా, బియ్యపు గింజంత ఆవిరి. ఇల నవ్వింది.

మురహరికి అప్పుడు అర్థమైంది. ఆ ఆవిరే కథ. దాన్ని మరక అని తనే తుడిపించాడు.

"మేడమ్‌కి చెబుదామా సార్?" అంది హిమజ.

"కాస్త ఆగు" అన్నాడు.

నిజం చెప్పాలంటే, అతనికి చెప్పాలని లేదు. ఆవిరి తిరిగి వస్తే నీహారిక పోతుంది. పదకొండు నెలల పని! నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. తప్పు తనదేనని కాత్యాయని గారే ఒప్పేసుకున్నారు. పైగా జనం అబ్బ అన్నారు కూడా. ఇన్ని సమాధానాలు చెప్పుకున్నా మనసు కుదుటపడలేదు. ఖాళీ అయిన క్యాంటీన్లో బల్ల ముందు కూర్చుని స్క్రిప్టు మొదటి పేజీ తిప్పాడు.

పదహారేళ్లలో మొదటిసారి ఒక కథను మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఇల నాన్న చొక్కా కప్పుకుని పడుకునే పేజీ చదివాడు. భృగు కూతురికి జడ వేయడం రాక తిప్పలు పడే పేజీ చదువుతూ పైకే నవ్వాడు. మళ్లీ యాభై మూడో పేజీకి వచ్చేసరికి అక్షరాలు కనిపించలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంత మంచి కథను చేతిలో పెడితే, దాని ముఖం మీద రంగులు గుమ్మరించానే అనుకున్నాడు.

సోమవారం ఎడిటర్ రాకముందే కాత్యాయని గారి గదికి వెళ్లాడు.

"మేడమ్, ఆఖరి సీను తీసేయకండి. తప్పు కథది కాదు, నాది. గాజు మీది ఆవిరి తుడిపించేశాను."

"ఆవిరా?" ఆవిడ లేచి నిలబడ్డారు. "ఆ ఆవిరి కోసం ఆ యాక్టర్ చేత వేడినీళ్లు తాగించి తాగించి రెండు రోజులు తీశాను మురహరీ! నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"హిమజ అడుగుతానంది. నేనే వద్దన్నాను. ఆ అమ్మాయి తప్పేం లేదు."

ఆవిడ గదిలో అటూ ఇటూ నడిచారు. కోపం దిగాక, "మరి నీ నీహారిక?" అని అడిగారు.

"ఆవిరి కనిపించాలంటే అది కనిపించకూడదు మేడమ్. పోనివ్వండి." ఆ మాట అనడం అతనికి కష్టమే అయింది. కానీ అనేశాక ప్రాణం తేలికపడింది.

షూటింగులో తీసిన అసలు కాపీ భద్రంగానే ఉంది. ఆవిరిని తిరిగి తేవడం పెద్ద పని కాదు. నీహారికను తగ్గించడమే కష్టమైంది. ఆ పని మురహరి ఎవరికీ ఇవ్వలేదు. ఒకరోజు నారింజ తీశాడు. ఇంకోరోజు నెమలికంఠం తీశాడు. చివరికి గాజు అంచున సన్నటి ఊదా గీత ఒకటి మిగిలింది.

"దీన్నైనా ఇంకొంచెం వెడల్పు ఉంచుదాం సార్, బాగుంది కదా" అంది హిమజ జాలిగా.

"బాగుంది కాబట్టే వద్దు. కళ్లు దాని మీదికి పోతాయి."

తర్వాతి ఆదివారం సినిమా చూడనివాళ్లను పిలిచి మళ్లీ వేశారు. ఈసారి మురహరి కూడా కాత్యాయని గారి పక్కన ఇంకో స్టూలు వేసుకుని, తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు. జనం ముఖాలు అతను అలా ఎదురుగా కూర్చుని చూడటం అదే మొదలు.

గాజు సన్నివేశం వచ్చింది. ఎవరూ అబ్బ అనలేదు. ఒక వడ్రంగి నోటి దాకా తెచ్చిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఒక ముసలామె భృగుతో పాటు ఊపిరి పీలుస్తోంది. తర్వాత పీల్చడం మానేసింది. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. మురహరి తెర వైపు తిరగలేదు. తిరగాల్సిన అవసరమూ రాలేదు. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "ఉన్నాడు! ఉన్నాడు!" అని ఎవరో అరిచారు. వడ్రంగి టీ ఒలికిపోయింది, అతను చూసుకోలేదు.

బయటికి వస్తుంటే ఆ ముసలామె ఇంకా కళ్లు ఒత్తుకుంటోంది. మురహరి ఉండబట్టలేక అడిగాడు, "ఆ సీనులో ఆకాశం ఎలా ఉందమ్మా?"

"ఆకాశమా? నేను చూడలేదు నాయనా. ఆ పిల్లోడు బతుకుతాడో లేదోనని వాడినే చూస్తూ కూర్చున్నా."

ఎన్నో మెప్పులు విన్న మురహరికి ఏ మెప్పూ ఇంత తియ్యగా అనిపించలేదు. ఆ రోజంతా తనలో తను నవ్వుకుంటూనే తిరిగాడు.

నీతి: మన నేర్పు ఎంత గొప్పదైనా, అది ఏ పని కోసం ఉందో ఆ పనికే అడ్డు రాకూడదు, అవసరమైన చోట పక్కకు తప్పుకోగలగడమే అసలైన నేర్పు.