ఎర్ర గింజలు చూపిన చోటు

ఇప్పలకోన అడవిలో జింకలు, నెమళ్లు, చీమలు, ఒక తీతువు పిట్ట ఉండేవి. వాటన్నిటికీ పెద్ద జంబన్న అనే ఎలుగుబంటి.

చిరుత వస్తే తూర్పు గట్టున నెమలి కూసేది, పడమటి వాగు ఒడ్డున తీతువు కూసేది. ఆ కూతలు లోయ దాకా వినబడవు గనక, నడుమ బండ మీద కూర్చున్న జంబన్న వాటిని విని గట్టిగా అరిచేవాడు. అది విని లోయలో ఉన్నవాళ్లంతా పారిపోయేవారు.

ఒక ఏడు కొన్నిసార్లు చిరుత వచ్చినా జంబన్న అరుపు వినబడలేదు. జింక పిల్లలు చచ్చిపోయాయి. తల్లుల ఏడుపు చూడలేక జంబన్న చీమలకు ఒక పని అప్పగించాడు. చిరుత ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు పిట్ట దగ్గర ఒక గింజ పెట్టాలి. అందరూ బతికితే తెల్లది, ఎవరైనా చస్తే ఎర్రది. చీమలకు కూతలు వినబడవు గాని, చెప్పిన పని తప్పవు. వేసవి వచ్చేసరికి ఎర్ర గింజలన్నీ తీతువు దగ్గరే కుప్పపడ్డాయి.

అసలే తీతువు కూత అపశకునమంటారు. గొంతు పగిలేలా కూశానని అది ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

చీమల పెద్ద మాత్రం జంబన్నతో ఇలా అంది: "గింజలు ఎక్కడ వెతకాలో చెబుతాయి, తప్పెవరిదో చెప్పవు. పడమటి దారంతా చూద్దాం. నీ బండ దగ్గర కూడా."

జంబన్న చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. తేనెటీగలు కుట్టినప్పటి నుంచి ఆ చెవి మొద్దుబారింది. వాగు వైపుండేది ఆ చెవే. చెబితే పెద్దరికం పోతుందని దాచాడు. గురివింద తన నలుపెరగదంటారు. జంబన్న ఎరిగీ ఎరగనట్టున్నాడు.

"నన్నే పరీక్షిస్తారా?" అని కసిరి, తీతువును అడవి విడిచి పొమ్మన్నాడు. ఇసుకలో పొదుగుతున్న గుడ్లను మోసుకెళ్లలేక, పాపం, అది వెనక్కి చూస్తూనే వాగు దాటింది. గుడ్లు ఎండకు మురిగిపోయాయి.

దాని చోట గోరింకను పెట్టారు. చిరుత మళ్లీ పడమటి నుంచే వచ్చింది. గోరింక కూసి కూసి సొమ్మసిల్లింది. జంబన్న బండ మీద కదలకుండా కూర్చున్నాడు. ఆ రోజు లోయలో ఆడుకుంటున్న అతని కూనే చిరుత నోట పడింది.

కోపంతో మీదికొచ్చిన జంబన్నతో గోరింక ఏడుస్తూ, "మీ వైపు చూస్తూనే కూశాను పెద్దయ్యా," అంది. జంబన్న కుప్పకూలాడు. చెవి సంగతి అందరికీ చెప్పేశాడు.

చీమల పెద్ద మాట విని బండ మీదికి కొండముచ్చును ఎక్కించారు. ఆ తర్వాత జింక పిల్లలన్నీ బతికాయి. జంబన్న వాగు దాటి వెళ్లి, తిరిగి రమ్మని తీతువును బతిమాలాడు.

"నీ కూన కోసం నేనూ ఏడ్చాను నాయనా," అంది తీతువు. "కానీ ఆ ఇసుక మీద మళ్లీ కాలు పెట్టలేను."

నీతి: ఆనవాలు వెతకాల్సిన చోటునే చూపుతుంది. వెతకకుండా శిక్ష వేస్తే మంచివారు పోతారు, తప్పు మిగిలిపోతుంది.