జంబన్న తోపు, పూసలమ్మ పిలుపు

మొగిలికోన అడవిలో వాగుకి ఇవతలి ఒడ్డున జంబన్న తోపు, అవతలి ఒడ్డున సోమలింగం జారుడుబండ ఉండేవి. జంబన్న ఎలుగుబంటి, సోమలింగం నక్క. పొద్దుటి మేత, మధ్యాహ్నపు కునుకు అయ్యాక అడవిలోని చిన్నా పెద్దా అంతా ఈ రెండింటిలో ఏదో ఒకచోట ఆటకి చేరేవాళ్లు. జారడం కూడా ఒక ఆటేనా అని ఇవతలివాళ్లు నవ్వేవాళ్లు. ఆటకి కూడా ఇంత చెమటోడ్చాలా అని అవతలివాళ్లు జాలిపడేవాళ్లు. తాగేది ఒకే వాగు నీళ్లయినా, ఆట మాటొస్తే దాయాదుల్లా తగువులాడుకునేవాళ్లు.

నిజం చెప్పాలంటే జంబన్న తోపు వైభోగమే వేరు. నడుమ ఒక మద్దిచెట్టు, దానికి ముప్పైరెండు కొమ్మలు. చిటారుకొమ్మకి ఒక ఇత్తడి గంట వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడో మేతకొచ్చి దారితప్పిన ఆవు మెడలోంచి జారిపడిన గంట అది. తీగ ఊయల మీద ఊగుతూ తునికిపండుని ఎదుటి చెట్టు తొర్రలోకి విసరాలి. వరసగా పది పండ్లూ పడితే ఒక కొమ్మ పైకి ఎక్కొచ్చు. పైకెక్కే కొద్దీ తొర్ర దూరమవుతుంది, ఊయల జోరు పెరుగుతుంది. చిటారుకొమ్మ చేరినవాళ్లు గంట కొడతారు. జంబన్న తోపు పెట్టి ఆరేళ్లయినా ఆ గంట మోగింది లేదు.

మర్నాడు మళ్లీ కిందనుంచి మొదలెట్టక్కర్లేదు. నిన్న ఆపిన కొమ్మ నీదే. నీదేనని తేల్చడానికి వరాలు అనే చిలక గుమ్మంలో కూర్చుంటుంది. తోపులో చేరిన రోజే దాని చెవిలో ఒక రహస్యపు పిలుపు చెప్పాలి. ఆ పిలుపు మళ్లీ చెబితేనే నీ కొమ్మ నీకిస్తుంది. అరవైనాలుగు జంతువుల పిలుపులు వరాలుకి నోటికొచ్చు. ఆ సంగతి వచ్చేపోయేవాళ్లందరికీ తనే చెప్పుకునేది కూడా.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఆ అడవిలో ఇంటికో పిలుపు ఉంటుంది. బొరియకైనా తొర్రకైనా లోపలినుంచి అడ్డం పెట్టుకుని, బయట ఇంటి పిలుపు వినపడితేనే తీస్తారు. గొంతు ఎవరిదని చూడరు, పిలుపు సరిపోతే చాలు. తోపులో చేరేటప్పుడు కొత్త పిలుపు కట్టుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. రెండేసి పిలుపులు ఎవరు గుర్తుపెట్టుకుంటారులే అని, అందరూ ఇంటి పిలుపునే తీసుకెళ్లి చిలక చెవిలో వేసేశారు.

పూసలమ్మ అనే ఉడుత కూడా అదే చేసింది. మూడేళ్లుగా ఎండనక వాననక తోపుకొచ్చి, ముప్పయ్యొకటో కొమ్మ దాకా ఎక్కింది. ఇంకొక్క కొమ్మ ఎక్కితే గంట కొట్టొచ్చు. కలలో కూడా దానికి గంటే వినపడేది. తోపుని ఎవరైనా ఒక మాటన్నారో, తోక నిక్కబొడుచుకుని మీదికి వెళ్లేది. ఊయల తీగ తెగి కుందేలు దాసు నడుం పట్టేసినప్పుడు కూడా, తీగదేం తప్పు, దాసే బరువు పెరిగాడని తేల్చేసింది.

ఒకరోజు ఆట ముగించుకుని ఇంటికొచ్చేసరికి, మోదుగచెట్టు మొదట్లో ఉన్న తన తొర్రలో సారపప్పు మూటలు మూడూ లేవు. వానాకాలమంతటికీ అవే తిండి. తొర్రలో కాపలా ఉండేది చూపు సరిగా ఆనని అత్తగారు నీలమ్మ.

"నువ్వే కదే పిలిచావు," అంది నీలమ్మ. "ఎండలో ఆరబెడతానన్నావు. మూటలు ఒక్కొక్కటే బయటికి తోశాను."

పూసలమ్మకి ఒళ్లు మండిపోయింది. ముసలామె చాటుగా తిని బొంకుతోందనుకుంది, ఆ మాట ముఖం మీదే అనేసింది. నీలమ్మ మూల చేరి, ఆ పూట పెట్టిన ఉసిరికాయ ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు.

ఆ మర్నాడే అడవంతా గగ్గోలు. కుందేలు దాసు బొరియలో దుంపలు పోయాయి. ముంగిసల ఇంట్లో ఎండబెట్టిన ఇప్పపూలు పోయాయి. ఎక్కడా తలుపు పగలగొట్టిన జాడ లేదు. అన్నిచోట్లా పిలుపు వినే తీశారు. ఇంకా విచిత్రం, పోయినవాళ్లంతా తోపులో ఆడేవాళ్లే. తోపుకెళ్తే గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. ఊయల తీగలు బాగుచేస్తున్నామని, కొన్నాళ్లు ఆట లేదని లోపలినుంచే కేకేసి చెప్పాడు జంబన్న. చిలక జాడే లేదు.

సోమలింగం అవతలి ఒడ్డున బండెక్కి, అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. మా దగ్గర పిలుపులూ లేవు, చిలకలూ లేవు, వచ్చి జారిపోవడమేనన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకి దోసెడు తాయిలం కూడా ఇస్తానన్నాడు. సాయంత్రానికి సగం మంది వాగు దాటారు. దాసు కూడా బయల్దేరాడు. ఇల్లు గుల్లయ్యాక ఇంకా తోపేమిటని పూసలమ్మని అడిగాడు.

"దొంగ ఇంట్లోవాళ్లే అయ్యుంటారు," అంది పూసలమ్మ మొండిగా. "మా ఇంట్లో మా అత్త లేదూ! తోపునెందుకు అంటావు?"

ఆ మాట తొర్రలో ఉన్న నీలమ్మ చెవిన పడింది. ఆ రాత్రంతా పస్తుండి, తెల్లవారాక కోడల్ని పక్కకి పిలిచింది.

"నాకు చూపు ఆనకపోవచ్చుగానీ చెవులు బాగానే ఉన్నాయి. 'చిరుగాలొచ్చింది, చెక్క తియ్యత్తా' అని ఉన్నదున్నట్టు పిలిచారు. ఆ పిలుపు నువ్వు, నేను కాక ఇంకెవరికి తెలుసో ఆలోచించుకో. తర్వాత నన్ను దొంగని చెయ్యి."

పూసలమ్మ తనలో తాను లెక్కేసుకుంది. ఇంకెవరికి తెలుసు? వరాలుకి తెలుసు. మూడేళ్లు రోజూ ఆ చిలక చెవిలో తానే చెప్పింది. సిగ్గుతో తల వాలిపోయింది. అత్త ముఖం చూడలేక తిన్నగా తోపుకి పరిగెత్తింది. ముళ్లకంప సందులోంచి దూరి లోపలికెళ్తే, ఊయలలన్నీ చెక్కుచెదరకుండా వేలాడుతున్నాయి. మద్ది మొదట్లో జంబన్న తల పట్టుకుని కూర్చున్నాడు. చిలక రెక్కల్లో మొహం దాచుకుని ఉంది.

జరిగింది వరాలే చెప్పుకొచ్చింది. వయసు మీదపడి వరాలుకి సగం పిలుపులు గుర్తులేవని అడవంతా అనుకుంటున్నారంటూ సోమలింగం వచ్చి తెగ బాధపడ్డాడట. ఉక్రోషం ఆగక, అక్కడికక్కడే అరవైనాలుగు పిలుపులూ పేర్లతో సహా గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పేసిందట. ఒక్కటి కూడా తప్పు పోలేదని చెప్పేటప్పుడు మాత్రం, అంత ఏడుపులోనూ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

"నీకెప్పుడు తెలిసింది మావా?" అని జంబన్నని అడిగింది పూసలమ్మ.

"మొదటిరోజే తెలిసిందమ్మా. చెబితే తోపు పేరు పోతుందని భయపడ్డాను. నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుందనుకున్నాను."

"నువ్వు పేరు కాపాడుకుంటున్న ఈ నాలుగు రోజుల్లో నేను మా అత్తని దొంగని చేశాను మావా. నీ తోపు మీద మాట పడకూడదని చేశాను. నువ్వు ఒక్క ముక్క చెప్పుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. మిగతావాళ్లు తమ ఇంటి పిలుపైనా మార్చుకునేవాళ్లు."

జంబన్న నేల చూపులు చూస్తూ, నువ్వు కూడా అవతలికి వెళ్లిపోతావా అని మెల్లగా అడిగాడు.

"వెళ్లిపోయేదాన్నైతే నీతో ఇంతసేపు ఎందుకు తగువు పడతాను? పద, కంప తీసెయ్. నీ నోటితోనే అందరికీ చెప్పు."

జంబన్న కంప తీశాడు. వాగు ఒడ్డున నిలబడి రెండు ఒడ్లవాళ్లకీ వినపడేలా దాచిందంతా బయటపెట్టాడు. పిలుపులన్నీ సోమలింగం చేతిలో పడ్డాయన్నాడు, తెలిసీ చెప్పలేదన్నాడు, ముందు ఇళ్ల పిలుపులు మార్చుకోమని దణ్ణం పెట్టాడు. తిట్టినవాళ్లు తిట్టారు. దాసు అయితే ఈ జన్మలో తోపు గడప తొక్కనని ఒట్టేశాడు. సోమలింగం ఎంతో నొచ్చుకున్నట్టు తలూపుతూ, నామీద అభాండం వేస్తున్నారంటూ అందరి ముందూ కళ్లొత్తుకున్నాడు. నక్క మాటకి ఎలుగు మాట ఎదురు, తేల్చేదెవరు? అయినా అందరూ ఇళ్లకెళ్లి పిలుపులు మార్చుకున్నారు. పూసలమ్మకి తెలిసి ఎలుగుబంటి అంత తేలికగా ఊపిరి పీల్చుకోవడం అదే మొదలు.

పిలుపులు మారేసరికి సోమలింగానికి ఇరకాటమొచ్చింది. రెండురోజుల్లో తాయిలం తరిగిపోతుంటే, మిగిలింది దాచుకుని పంచడం ఆపేశాడు. ఈరోజు తాయిలమేదని జారుడుబండ మీదివాళ్లు అడగడం మొదలెట్టారు. కొత్త పిలుపులు కూడా చిలక చెవిలో పడే ఉంటాయనుకుని, ఇక వాడు మళ్లీ వరాలు దగ్గరికే వస్తాడని పూసలమ్మ లెక్కగట్టింది. తన ఆలోచన జంబన్నకి చెప్పింది, ముళ్లపంది నూకరాజు కాళ్లావేళ్లా పడింది. కష్టమల్లా చిలకని ఒప్పించడమే అయింది. ఎందుకంటే వరాలు ఈసారి చెప్పాల్సింది, తనకి గుర్తులేదని. ఆ మాట అనడం కన్నా ఈకలు పీకించుకోవడం నయమంది. చివరికి నీలమ్మ పస్తుల సంగతి విని ఒప్పుకుంది.

అనుకున్నట్టే సోమలింగం వచ్చాడు. కొత్త పిలుపులు బొత్తిగా బుర్రకెక్కలేదట కదా అని పరామర్శించాడు. వరాలు కళ్లు గట్టిగా మూసుకుని, చేదుమందు మింగినట్టు చెప్పింది.

"అవును బాబూ, పెద్దదాన్నైపోయాను. అన్నీ మర్చిపోయాను. పూసలమ్మ ఇంటిది ఒక్కటే నాలిక మీదుంది. కొత్తగా నాలుగు మూటలు చేరాయని కూడా అంది."

నక్క గంతులేసుకుంటూ మోదుగచెట్టు దగ్గరికెళ్లింది. గొంతు సన్నం చేసి, తేనెలొలకబోస్తూ "తుమ్మెదొచ్చింది, తొర్ర తియ్యత్తా" అని పిలిచింది. చెక్క పక్కకి జరిగింది. లోపల నూకరాజు గుమ్మానికి వీపు పెట్టి, ముళ్లన్నీ విప్పార్చుకుని, కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నాడు. పై కొమ్మ మీంచి పూసలమ్మ తొంగిచూస్తోంది. నూకరాజు వెనకాల చీకట్లోంచి నీలమ్మ మాట్లాడింది.

"మూట బరువుగా ఉంది తల్లీ. తల కాస్త లోపలికి పెట్టి అందుకో."

నక్క తల పెట్టింది. తర్వాత వినిపించిన కేకకి కొంగలు వాగు వదిలి లేచిపోయాయి. మూతి నిండా పదకొండు ముళ్లతో సోమలింగం ఒక్క దూకున వాగు దాటి, జారుడుబండ మీదివాళ్ల మధ్యలో వెళ్లి పడ్డాడు. రేగుపొదలో పడ్డానని చెప్పబోయాడు. అంతలో నూకరాజు తాపీగా వాగు దాటి వచ్చి, అందరి ముందూ ఎంతో మర్యాదగా అడిగాడు.

"సోమలింగం గారూ, పూసలమ్మ తొర్రలోంచి తమరు మర్చిపోయి నా ముళ్లు పట్టుకొచ్చేశారు. ఇప్పిస్తారా?"

దాసు ముళ్ల వంక చూశాడు, నూకరాజు వీపు వంక చూశాడు. తర్వాత బండ వెనక్కి వెళ్లి వెతికితే, సారపప్పు మూట ఒకటి, గంపెడు ఇప్పపూలు, వాటికింద దుంపలు కనిపించాయి. ఒక దుంప మీద తన పళ్ల గాటే ఉంది. మూడురోజులుగా తన దుంపలే తనకి తాయిలంగా పెడుతుంటే, లొట్టలేసుకుని తిని దండాలు పెట్టానని తెలిసి, దాసుకి ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వు ఆగక అక్కడే దొర్లాడు. అది చూసి ముంగిసలు, వాటిని చూసి మిగతావాళ్లు నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వులు భరించలేక సోమలింగం మూతి రెండు చేతుల్లో దాచుకుని కొండ అవతలికి పోయాడు.

మర్నాడు జంబన్న తను దాచుకున్న తేనెపట్లన్నీ దించి, తప్పు ఒప్పుకుంటూ తలా ఒక ముక్క పంచాడు. ఈ జన్మలో గడప తొక్కనన్న దాసు తేనె వాసనకి అందరికన్నా ముందొచ్చాడు. జన్మ సంగతేమిటని ఎవరో అడిగితే, నిన్న అంతగా నవ్వాక మళ్లీ పుట్టినట్టే ఉందన్నాడు. అందరూ ఇంటికో పిలుపు, తోపుకో పిలుపు విడివిడిగా కట్టుకున్నారు. వరాలు వాటిని ఎవరడిగినా గుర్తులేదనే చెబుతోంది. ఇప్పుడదే దాని గొప్ప.

పూసలమ్మ తన వంతు తేనె ముక్క తినలేదు. నీలమ్మ చేతిలో పెట్టి, నా నోరు మంచిది కాదత్తా, నన్ను క్షమించమంది. నీలమ్మ తేనె నాకి, నోరు సంగతి సరేగానీ చెయ్యి ఎలాగుందో చూద్దాం పద అంది. చూపు ఆనకపోయినా కోడలితో కలిసి మొదటిసారి తోపుకొచ్చి, మద్ది మొదట్లో కూర్చుంది.

ముప్పయ్యొకటో కొమ్మ ఊయల మీంచి పూసలమ్మ విసిరిన తునికిపండ్లు తొమ్మిదీ తొర్రలో పడ్డాయి. పదోది విసిరేముందు అందరూ మెడలు చాచి చూశారు. పండు తొర్ర అంచుకి తగిలి, ఆగి, లోపలికి దొర్లింది. చిటారుకొమ్మకి ఒక్క పరుగు తీసి పూసలమ్మ గంట పట్టుకుని ఊపింది. ఆరేళ్లకి మోగిన ఆ గంటని కొండ అవతల మూతికి పసరు రాసుకుంటున్న సోమలింగం కూడా విన్నాడు. కింద నీలమ్మ తన చెవుల్ని తనే నమ్మలేక, అది మా కోడలేనా అని అందరినీ పేరుపేరునా అడిగింది.

అభిమానించేవాళ్ల తప్పుని కప్పిపెట్టకుండా వాళ్ల చేతే దిద్దించడమే అసలైన అభిమానం.