ఎలుగుబంటి పాపకు పిల్లికూతలు

అనగనగా ఒక అడవిలో బొద్దయ్య అనే ఎలుగుబంటి బెల్లం వండేవాడు. తాతల నాటినుంచీ వాళ్ళు పొయ్యిలో ఎండిన చెరకు పిప్పే వేసేవాళ్ళు. పిప్పి ఎండాలంటే మూడు రోజులు తిరగేస్తూ ఉండాలి. బొద్దయ్యకేమో నడుం వంగదు. అందుకని రోడ్డు పక్కన పారేసిన పాత టైర్లు దొర్లించుకొచ్చి పొయ్యిలో పెట్టాడు. నల్లటి పొగ అడవంతా కమ్ముకుంది.

కుందేలు దగ్గుకుంటూ వచ్చింది. చన్నీళ్ళు తాగి ఉంటావు పొమ్మన్నాడు. కోకిల బొంగురు గొంతుతో వచ్చింది. అతిగా పాడితే అంతేనన్నాడు. ఏనుగు ఆయాసపడుతూ వచ్చింది. దానికేం చెప్పాలో తోచక, అంత పొడుగు ముక్కు ఎవరు పెట్టుకోమన్నారని దబాయించాడు. పొయ్యికి పొగ, వాడికి పొగరు!

నాలుగో రోజు బొద్దయ్య కూతురు నూకాలుకి ఊపిరి అందలేదు. పాలు తాగదు, పడుకోదు. బొద్దయ్య పరుగున పోయి వైద్యుణ్ణి పిలిచాడు. వైద్యుడు కొంగ వచ్చి పాప ఛాతీకి చెవి ఆనించి విన్నాడు.

"లోపల పిల్లికూతలు వినిపిస్తున్నాయయ్యా," అన్నాడు.

మిగతా మాట వింటేగా! బొద్దయ్య దుడ్డుకర్ర తీసుకుని అడవిపిల్లి గుహకి పరుగెత్తాడు. నా కూతురి గుండెల్లో దూరి కూస్తున్నది నువ్వేనా, బయటికి రా అని అరిచాడు.

పిల్లి దగ్గుతూ బయటికి వచ్చింది. నోరు తెరిస్తే గాలి తప్ప కూత రాలేదు.

"నా కూత పోయి నాలుగు రోజులైంది, బొద్దయ్య మావా," అంది గుసగుసగా. "నీ పొగ మింగేసింది. నీ పిల్ల గుండెల్లో కూస్తున్నదీ ఆ పొగే."

బొద్దయ్య కర్ర జారిపోయింది. ఏడుస్తూ పరుగెత్తి, బిందెలకొద్దీ నీళ్ళు పోసి పొయ్యి ఆర్పేశాడు. గాలివాటం చూసి, అడవికి దూరంగా కొత్త పొయ్యి కట్టాడు. నడుం పట్టేసినా సరే, మూలుగుతూ పిప్పి ఎండబెట్టాడు. మిగిలిన టైర్లతో పిల్లలకి ఉయ్యాలలు కట్టాడు.

నూకాలు మెల్లగా తేరుకుంది. ఒక పొద్దున నాన్నతో కొత్త పొయ్యి దగ్గరికి వచ్చి, నిండా గాలి పీల్చి, "నాన్నా, ఏదో తియ్యటి వాసన," అంది.

బొద్దయ్య కూడా పీల్చి చూశాడు. అది తన బెల్లం వాసనే. టైర్లు వచ్చాక ఆ వాసనే మరిచిపోయాడు పాపం.

నీతి: మనం పెట్టే పొగ ఎక్కడికో పోతుందనుకుంటాం, అది మన పిల్లల గుండెల్లోకే పోతుంది.