నువ్వులమెట్టలో పది రోజుల కరువు

నువ్వులమెట్ట టౌను నీళ్ళ ఆఫీసులో ముగ్గురుండేవారు. ఆఫీసరు దాలినాయుడు, గుమస్తా పైడిరాజు, పైపుల వాల్వులు తిప్పే సింహాలు. జిల్లా మొత్తం మీద తెలివనేది ఎక్కడైనా ఉంటే అది తమ ఆఫీసులోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మన బుర్ర ఊరంతా పంచినా మనకి తరగదురా" అనేవాడు దాలినాయుడు. మిగతా ఇద్దరూ తలలూపేవారు. ఊపడానికి తలలైతే ఉన్నాయి మరి.

వాళ్ళకో పద్ధతుంది. పై నుంచి కాగితం వస్తే పైడిరాజు గట్టిగా చదవాలి. చదివింది చదివినట్టు చెయ్యాలి. చేసిన ముక్క పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. కాగితంలో లేనిది కళ్ళెదురుగా ఉన్నా చూడకూడదు.

ఆ ఏడు ఎండలు మాఘమాసంలోనే మొదలయ్యాయి. వైశాఖానికి ఊరి మంచినీళ్ళ చెరువు సగానికి దిగింది. పట్నం నుంచి వైదేహి అనే ఇంజనీరమ్మ వచ్చి చూసింది. "కాలం మారిపోతోందండీ. పడితే కుండపోత, లేకపోతే చినుకు లేదు. ఈ నీళ్ళు వానల దాకా ఊరిని కాయాలి. జాగ్రత్తలు రాశాను, ఆలోచించి చెయ్యండి" అని, మూడు ముక్కలు రాసిన కాగితం చేతిలో పెట్టి వెళ్ళింది. ఆలోచించమని నోటితో చెప్పిందే గానీ కాగితంలో రాయలేదు. అందుకని ఆ పని వాళ్ళు పెట్టుకోలేదు.

మొదటి ముక్క పైడిరాజు చదివాడు. "పైపుల్లోంచి ఎక్కడా ఒక్క చుక్క వృథాగా కారకూడదు."

"నీళ్ళు వదులుతున్నాం కాబట్టే కారుతున్నాయి బాబూ. వదలకపోతే ఎలా కారతాయి?" అన్నాడు సింహాలు.

"చూశావా, అంత చదివిన ఆవిడకి తట్టలేదు" అన్నాడు దాలినాయుడు.

అంతే, పెద్ద వాల్వు బిగించేశారు. ఊళ్ళో కుళాయిలన్నీ నోరు తెరుచుకుని గాలి వదిలాయి. టిక్కు పడింది.

మూడో రోజు పొద్దున్నే వరహాలమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. పైపు లైను చివరి ఇల్లు ఆవిడది. కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లని కంది.

"ఇంట్లో పచ్చి బాలింతుంది నాయుడూ. ఇంకో వారంలో పదకొండో రోజు, పురిటి స్నానం చేయించాలి. కుళాయిలో చుక్క లేదు."

"మేం చెప్పేదీ అదే అత్తా. ఊరంతా తిరిగాం. ఎక్కడా చుక్క కారడం లేదు."

"శవానికి జలుబు చెయ్యదు. దాన్ని వైద్యమంటావా నువ్వు?"

దాలినాయుడికి అది పొగడ్తలా వినపడింది. "ఏదో, మీ అభిమానం" అన్నాడు.

రెండో ముక్క. "నీళ్ళన్నీ ఒక్క చోటే పెట్టుకుని కూర్చోకండి."

ఇంకేముంది, పొక్లెయిను తెచ్చి సరుగుడు తోట పక్కన ఇసుక నేలలో పెద్ద గొయ్యి తవ్వించారు. మోటార్లు పెట్టి చెరువులో సగం నీళ్ళు అందులోకి తోడారు. సాయంత్రానికి చూస్తే గోతిలో తడి ఇసుక తప్ప ఏమీ లేదు.

"కొత్త చెరువు కదండీ, దాహం మీదుంది" అన్నాడు సింహాలు.

"పాపం, తాగనీ" అని మర్నాడు ఇంకాసిని తోడారు. ఇసుక అవీ తాగింది.

"ఇప్పుడు నీళ్ళు ఎన్ని చోట్ల ఉన్నట్టు?" అనడిగాడు దాలినాయుడు.

"రెండు చోట్లండి. పైన కొన్ని, భూమి లోపల కొన్ని" అన్నాడు పైడిరాజు. టిక్కు పెట్టాడు.

వరహాలమ్మ చెరువు గట్టుకే వచ్చేసింది. "మూడు రోజుల్లో స్నానం. మీ పైపులూ వద్దు, మీరూ వద్దు. రెండు బిందెలు ముంచుకుపోతాను."

"తప్పత్తా. మూడో ముక్క ఇంకా చదవలేదు. అందులో ఏముందో చూడకుండా ముంచకూడదు."

దాలినాయుడు అక్కడే పైడిరాజు చేత చదివించాడు. "కరువు రాకముందే పది రోజులు కరువు వచ్చినట్టుగా నడిపి చూడండి."

"కరువులో చెరువెలా ఉంటుందిరా?" అన్నాడు దాలినాయుడు.

"నెర్రెలు విచ్చి ఉంటుందండి."

"మరి మనదాంట్లో మోకాటి లోతు ఉన్నాయే. ఇలా ఉంటే ఇది కరువంటే ఎవడు నమ్ముతాడు?"

అంతే, తూము ఎత్తేశారు. ఊరి నీళ్ళన్నీ మురుక్కాలవలో పడి పోయాయి. బురదలో చేపలు కొట్టుకుంటుంటే సింహాలు కళ్ళు తుడుచుకున్నాడు. "అచ్చం కరువులాగే ఉంది బాబూ. నిజం కరువు కూడా ఇంత బాగా రాదు."

వరహాలమ్మ బిందె కింద పెట్టింది. "ఈ పని ఇన్నాళ్ళూ దేవుడు చేసేవాడు. ఆయన ఆలస్యం చేస్తున్నాడని మీరు అందుకున్నారా?"

"పది రోజులే అత్తా. ఓర్చుకో."

"నాతో కాదు నాయనా. ఇంటికొచ్చి ఆ పసిదానికి చెప్పు."

మూడో రోజు మధ్యాహ్నం, ఎవరూ అనుకోకుండా ఆకాశం నల్లబడింది. కుండపోత. వరహాలమ్మ బిందెలూ గుండిగలూ చివరికి అన్నం గిన్నెతో సహా చూరు కింద పెట్టింది. నీళ్ళు కాచి తల్లికీ బిడ్డకీ తలారా పోసింది. సాంబ్రాణి పొగ వేసి, చెరువైనా నిండుతోందేమో చూద్దామని గొడుగేసుకుని బయల్దేరింది. వీధి వీధంతా ఆవిడ వెనకాల నడిచింది.

అక్కడ చెరువులోకి వచ్చే కాలువ తలుపు దించేసి ఉంది. పొంగిన నీళ్ళు పక్క నుంచి సముద్రం దారి పట్టాయి. చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మోకులు కట్టి, షామియానాల కొట్లో ఉన్న టార్పాలిన్లన్నీ కప్పేశారు. వాటి గుంటల్లో నిలిచిన నీళ్ళని సింహాలు బక్కెట్టుతో తోడి అవతల పారబోస్తున్నాడు. పైడిరాజు మోకు పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఏం చేస్తున్నార్రా?" అంది వరహాలమ్మ.

తడిసి ముద్దయిన దాలినాయుడు ఊపిరి పీల్చుకుని చెప్పాడు. "మూడు రోజులే అయింది కదత్తా. ఇంకా ఏడు రోజుల కరువుంది. ఇప్పుడు తడిసిపోతే మళ్ళీ మొదట్నించీ ఎండబెట్టుకోవాలి. నిలబడి చూస్తారేం, తలో అంచు పట్టండి."