గంధం పూసిన బల్బు

అబద్ధమైతే నా నాలిక మీద వాత పెట్టు జరీనా, ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. చీమను చీమ అనే తప్ప దోమ అని కూడా అనని మనిషిని నేను. ఆ కారు దీపం బల్బు అట్టపెట్టెలోనే ఉంచి, ఆ చేగోడీలు నములుతూ కాసేపు కూర్చో. మీ నాన్న కారు ఎక్కడికీ పారిపోదు.

అప్పట్లో మా కొండమీద దర్గాలో మౌలాలి తాత ఉండేవాడు. ఆ కొండ ఇంకా గులకరాయిగా ఉన్నప్పుడే ఆయన గడ్డం నెరిసింది. ఆయన దగ్గర దస్తగిరి అని శిష్యుడు. ఆకుపచ్చ తలపాగా, సోడాబుడ్డి కళ్ళద్దాలు. దర్గా కారు తోలేదీ, తుడిచేదీ అతనే.

దస్తగిరికి ఒకటే దిగులు. వచ్చిన జనం తాత ముందు తల వంచుతారు. తాత నెత్తిన చెయ్యి పెడతాడు. వాళ్ళు తేలికపడి వెళ్ళిపోతారు. తన చెయ్యి మాత్రం ఎవరూ అడగరు.

“నా చేతికి ఆ బరకత్, ఆ మహిమ ఎప్పుడొస్తుంది తాతా?” అని రోజూ అడిగేవాడు.

“ముందు కారు తుడువు,” అనేవాడు తాత.

మనుషులు దొరక్క పాపం వస్తువుల మీద పడ్డాడు. కొత్త చీపురు, కొత్త బిందె, కొత్త తాళంకప్ప, ఏదొచ్చినా సరే, అత్తరు కలిపిన గంధం బొటనవేలితో అద్ది, కళ్ళు మూసుకుని దువా చదివేవాడు. ఒకసారి మా మేక అటుగా పోతుంటే దానికీ పెట్టాడు. ఆ తరవాత నెల్లాళ్ళు అది గులాబీలు తప్ప గడ్డి ముట్టలేదు.

ఆ రోజు పొద్దు వాలుతుండగా కట్టెలు ఏరుతున్నాను. రక్తపింజర మడమ మీద కాటేసింది. తాటిచెట్టు కన్నా రెండు జానలే పొట్టి. నవ్వకు. కాలు మాత్రం చూస్తుండగానే అరటిబోదె అయిపోయింది.

తాత నా కాలు కదలకుండా బద్ద కట్టించి, కారు వెనకసీట్లో పడుకోబెట్టించాడు.

“మంత్రం వెయ్యవా తాతా?” అన్నాను.

“మంత్రం కొండ కింద ఆసుపత్రిలో ఉందమ్మా. సూదిలో.”

కిందికి దిగాలంటే ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పైగా అప్పుడే వాన వెలిసి మంచు కమ్మింది. కోసి ఇడ్లీ రేకుల్లో వెయ్యొచ్చు, అంత మంచు. కారుకు ఎడమ దీపం అద్దంతో సహా ఎప్పుడో పగిలిపోయింది. ఆ పూట కుడిది కూడా వెలగలేదు.

దస్తగిరి దగ్గర కొత్త బల్బులు రెండున్నాయి. బానెట్ ఎత్తి, వెనక ప్లగ్గు పీకి, రబ్బరు టోపీ లాగి, స్ప్రింగు తప్పించి మాడిపోయినదాన్ని తీసేశాడు. కొత్తదాన్ని గాజు దగ్గర పట్టుకుని పెట్టెలోంచి లాగాడు. అంత హడావిడిలోనూ గంధం బొట్టు మరవలేదు. బిగించాడు. వెలిగింది. నేను ‘అల్లా’ అనుకున్నాను.

కారు గేటు కూడా దాటలేదు. ఠప్‌మని దీపం పోయింది.

గుడ్డతో పట్టి బయటికి తీశాడు. సరిగ్గా బొట్టు పెట్టినచోటే గాజు కురుపులా ఉబ్బి, నల్లబడి, పగిలి ఉంది.

“చూశావా తాతా, దిష్టి వచ్చి బొట్టుకే తగిలింది. బొట్టు లేకపోతే మనకే తగిలేది.”

“దిష్టి సంగతి రేపు చూద్దువు గాని,” అన్నాను వెనకనుంచి. “నొప్పి తొడదాకా వచ్చిందిరా.”

ఇంకొక్క బల్బు మిగిలింది. అది కూడా పోతే నా పని ఆ కొండమీదే సరి. దస్తగిరికీ ఆ సంగతి తెలుసు. అయినా నాకు ధైర్యం చెప్పాలని అట్టపెట్టె నా ముఖం ముందు పెట్టాడు.

“భయపడకత్తా. దీని మీద ఏముందో చూడు, పంజా. మన పీర్ల పంజా బొమ్మే. దానికి ఎర్రదండ కూడా వేశారు. చెయ్యి పడాలని చేసినవాడికే తెలుసు. ఇందాక ఒక్క బొట్టుతో సరిపెట్టి తప్పు చేశాను. ఈసారి చుట్టూ పూస్తాను.”

చుట్టూ పూస్తాడట. వద్దనబోయాను. నాలిక తిరగలేదు, అది విషమో భయమో నాకే తెలియదు. దస్తగిరి గంధం గిన్నె అందుకున్నాడు.

తాత ముందుసీట్లోంచి దిగి వచ్చాడు. కోప్పడలేదు.

“గిన్నె ఇటివ్వు నాయనా.”

ఇచ్చాడు. తాత రెండు బొటనవేళ్ళకూ గంధం తీసుకుని, బిస్మిల్లా అంటూ, దస్తగిరి కళ్ళద్దాల మీద అద్దాడు. ఒకటి కుడి అద్దానికి, ఒకటి ఎడమ అద్దానికి. అద్ది, చుట్టూ నిండుగా పూశాడు.

“ఇక తోలు,” అన్నాడు.

దస్తగిరి ఆ అద్దాల వెనక బొమ్మలా నిలబడ్డాడు.

“తాతా, ఏమీ కనపడటం లేదు.”

“నా చెయ్యే కదరా,” అన్నాడు తాత.

నా పళ్ళు కొట్టుకునే చప్పుడు పక్క జిల్లాదాకా వినిపించి ఉంటుంది.

దస్తగిరి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడిచి పెట్టుకున్నాడు. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. దాని మీదికి వంగి చూశాడు. చెయ్యి బొమ్మ, దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రటి కొట్టివేత, గాజుకు చెయ్యి తగలకూడదని.

పరుగున వెళ్ళి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఆరేదాకా తుడుచుకున్నాడు. తాత భుజం మీది ఉతికిన తువ్వాలు అడిగి తీసుకుని, ఆ మడతలోంచి బల్బును రేకు మొదలు దగ్గర పట్టుకున్నాడు. గాజు మీద ఊపిరి కూడా పడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. దీపం వెనక ఆ ఇరుకులో అంతా తడుముకుని చెయ్యాలి. స్ప్రింగు ఒకసారి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. టక్కున కూర్చుంది.

వెలిగింది. కారు గేటు దాటింది. మొదటి మలుపు దాటింది. మలుపు మలుపుకీ నేను ఆ వెలుతురు ఉందా పోయిందా అనే చూశాను. దస్తగిరి ఒక్క దువా కూడా పైకి చదవలేదు. కొండ దిగేదాకా అది ఆరలేదు.

సూది పడింది. ఆసుపత్రి వసారాలో నా మంచం పక్కనే జ్వరంతో మూలుగుతున్న ఒక చిన్నపిల్ల. వాళ్ళమ్మ ఆకుపచ్చ తలపాగా చూసి దస్తగిరికి దణ్ణం పెట్టింది.

“అయ్యా, మా పిల్ల నెత్తిన చెయ్యి పెట్టండి.”

ఇన్నేళ్ళూ అతను ఎదురుచూసిన మాట. దస్తగిరి తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. పిల్ల నుదుటి మీది గుడ్డ ఎండిపోయి ఉంది. దాన్ని తీసుకెళ్ళి తడిపి, పిండి, తల్లి చేతికిచ్చాడు.

“మీరే పెట్టండమ్మా,” అన్నాడు.

తాత గోడకేసి చూస్తున్నాడు. “కారు తుడిచావా?” అన్నాడు.

“తుడుస్తా తాతా,” అని దస్తగిరి బయటికి వెళ్ళాడు.

సరే, విన్నావుగా, లే. ఆ చేగోడీల నూనె సబ్బుతో వదిలించుకుని, బీరువాలోంచి ఉతికిన గుడ్డ ఒకటి తీసుకురా. వస్తూ వస్తూ కిటికీలో ఉన్న నా కళ్ళద్దాలు కూడా తుడిచి తే. ఆ బల్బు నువ్వు ఎక్కడ పట్టుకుంటావో నేను చూడాలి.