పైడమ్మకు దక్కిన సాక్

తూర్పు కొండలకీ సముద్రానికీ నడుమ కురుమగిరి అనే చిన్న సంస్థానం ఉండేది. పొద్దున్నే గుర్రమెక్కిన మనిషి సంస్థానమంతా చుట్టి మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావచ్చు. అంత చిన్నదైనా, దాన్నేలే శోభనాద్రి జగద్దేవ్ బహద్దూర్ గారి దర్జా మాత్రం ఆ కొండలకన్నా ఎత్తు.

ఆయన మద్రాసులో దొరల దగ్గర చదువుకుని వచ్చారు. వ్యాకరణం పెద్దగా అంటలేదు కానీ, దొరలు పేకాట బల్ల దగ్గరా గుర్రప్పందేల దగ్గరా విసురుకునే అల్లరి మాటలు మాత్రం బాగా పట్టుబడ్డాయి. "పుస్తకాల్లో ఉండే ఇంగ్లీషు గుమాస్తాలకి. నాది అసలైన దొరల ఇంగ్లీషు," అని మీసం దువ్వుకునేవారు. హుకుములన్నీ ఆ మాటల్లోనే ఇచ్చేవారు. పైగా ఒక కట్టడి కూడా పెట్టారు. ప్రభువు నోట వచ్చిన ఇంగ్లీషు మాటకి అర్థం అడిగినవాడు కొలువుకి తగడట!

ఆ హుకుములు అమలు జరిపించే పని జోగిరాజుది. భట్రాజుల బిడ్డ, మాటకారి. తండ్రి రేవు పట్నంలో ఓడల వాళ్ళకి దుబాసీగా ఉండడం వల్ల, కళాసీల ఇంగ్లీషూ సిపాయిల ఇంగ్లీషూ వింటూ పెరిగాడు. ఆ సంగతి రాజుగారి దగ్గర ఎన్నడూ బయటపెట్టలేదు. ప్రభువుకన్నా ఎక్కువ తెలిసినట్టు కనిపించడం కొలువులో ఎంత ప్రమాదమో అతనికి తెలుసు.

ఒకనాడు హార్టన్ దొర అనే కలెక్టరు కోటకి విందుకు వచ్చాడు. తెలుగు బాగా వచ్చిన దొర. అయినా రాజుగారు ఆయనతో తెలుగు ముక్క మాట్లాడలేదు. ఆకులో పులిహోర చల్లారిపోతున్నా వదలకుండా, తనకొచ్చిన ఇంగ్లీషంతా ఒలకబోస్తున్నారు.

సరిగ్గా అప్పుడు పైడమ్మ తడిగుడ్డ పట్టుకుని లోపలికొచ్చింది. రాజుగారి తల్లి పురిట్లోనే పోతే, ఆయన్ని ఎత్తుకుని పెంచిన దాది ఆమె. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. వంటశాల వెనకాల చిన్న గదే ఆమె ఇల్లు.

"బుజ్జిబాబూ! గెడ్డం నిండా పెరుగంటుకుపోనాది. ఇటు తిరుగు నాయనా," అంటూ పసివాడికి తుడిచినట్టు తుడిచేసింది.

దొర నవ్వు ఆపుకోలేకపోయాడు. రాజుగారి చెవులు కుంకుమలా ఎర్రబడ్డాయి.

దొర విడిదికి వెళ్ళగానే ఆయన జోగిరాజుని పిలిచారు. "పైడమ్మకి సాక్ ఇచ్చెయ్. ఇవాళే!"

జోగిరాజుకి సంగతి అర్థమైంది. దొరల వాడుకలో ఆ మాటకి కొలువులోంచి గెంటెయ్యడమని అర్థం. ఈ వయసులో ఆమె ఎక్కడికి పోతుంది? తను కొలువులో చేరిన కొత్తలో జ్వరంతో పడి ఉంటే, కుల గోత్రాలు అడగకుండా గంజి కాచి తాగించిన చెయ్యి ఆమెది.

"ప్రభూ, సాక్ అంటే..."

"అర్థం అడుగుతున్నావా?" కళ్ళెర్రజేశారు రాజుగారు.

జోగిరాజు బుర్రలో ఏదో తళుక్కుమంది. "ఎంతమాట! అడగను. సాక్ ఇమ్మని సెలవిచ్చారు. ఇచ్చేస్తాను. మీరంతా విన్నారుగా?" అని చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా ఒకసారి వినిపించాడు.

తిన్నగా గాదె దగ్గరికి పోయాడు. గోనెసంచి నిండా పాత సన్నబియ్యం పోయించి, మూతి కుట్టించి, ఇద్దరు నౌకర్ల చేత మోయించుకుని పైడమ్మ గదికి వెళ్ళాడు.

"ఇదేటి బాబూ?" అంది ఆమె లేచి నిలబడుతూ.

"ఇంగ్లీషులో గోనెసంచిని సాక్ అంటారమ్మా. నీకు సాక్ ఇమ్మని ప్రభువు సెలవిచ్చారు."

పైడమ్మ బస్తావైపూ అతని ముఖంవైపూ మార్చి మార్చి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయితే రేపు కొలువుకొచ్చి మా బాబుని దీవించాలి," అంది.

జోగిరాజు సరేనన్నాడు. తెల్లారితే తన మెడ మీద తల ఉంటుందో లేదో అనుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు నిండు కొలువు. దొర కూడా వచ్చి కూర్చున్నాడు. ఉతికిన చీర కట్టుకుని పైడమ్మ లోపలికి నడిచొస్తుంటే, రాజుగారు ఉలిక్కిపడి జోగిరాజు వైపు చురచురా చూశారు. ఈలోగా ఆమె గద్దె దాకా వచ్చి, ఆయన తల మీద చెయ్యి వేసింది.

"నూరేళ్ళు సల్లగుండు నాయనా! ముసిల్దాన్ని తలుసుకుని బస్తాడు బియ్యం పంపినావు. నా ఒక్కదానికి గుప్పెడు గింజలు సాలవా? ఆ బియ్యం తీసి పొద్దున్నే నీ పేరు సెప్పి పాలెంలో పిల్లలకి ఒండి పెట్టించీసినాను. ఆళ్ళ కడుపులు సల్లబడ్డాయి. ఆ సలవ నీకే తగలాల."

కొలువంతా మెచ్చుకోలుగా తలలూపింది. దొర లేచి రాజుగారికి నమస్కరించాడు. రాజుగారికి ఏంచెయ్యాలో పాలుపోలేదు. జోగిరాజుని దగ్గరికి పిలిచి, "నేనన్న సాక్ అది కాదు!" అని పళ్ళు నూరారు.

జోగిరాజు చేతులు కట్టుకున్నాడు. గొంతు మాత్రం తగ్గించలేదు. "కాదా ప్రభూ? తప్పు నాదే. ఆ మాటకి చాలా అర్థాలున్నాయి. ఓడ కళాసీలు పడుకునే పక్కని సాక్ అంటారు. ఆమెకి మెత్తటి పరుపు వేయించమని తమ అభిప్రాయమైతే ఇప్పుడే వేయిస్తాను. సిపాయిలు ఊరు దోచుకోవడాన్ని సాక్ అంటారు. కానీ పైడమ్మ దగ్గర దోచుకోవడానికేముంది? ఉన్న ప్రేమంతా తమరు ఉయ్యాల్లో ఉండగానే దోచేశారు. వెనకటి దొరలు ఒకరకం ద్రాక్షసారాయిని సాక్ అనేవారట. ఆమె దాన్ని ముట్టదు."

"ఇంకా?" అన్నాడు దొర, నవ్వు బిగబట్టుకుని.

"ఇంకొకటి ఉంది దొరగారూ. అది ఈమె ముందు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ప్రభువుల ఉద్దేశం అదే అయితే, వారే స్వయంగా ఆమెతో సెలవియ్యాలి."



"అదేటి నాయనా?" అని పైడమ్మ రాజుగారి ముఖంలోకి చూసింది. ఆమె చెయ్యి ఇంకా ఆయన తల మీదే ఉంది.

 రాజుగారు ఆ ముడతలుపడ్డ చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ముందు చిన్నగా, తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"ఆ అర్థం మన కురుమగిరిలో చెల్లదు పైడమ్మా. నువ్వు బతికున్నన్నాళ్ళూ ఏటేటా నీ గదికి సాక్ వస్తుంది. జోగిరాజు చేసిన అర్థంలోనే!"

జోగిరాజుకి తన భుజం మీది జరీ శాలువా తీసి కప్పి, "నా గుర్రాల్లో నీకు నచ్చినదాన్ని తోలుకుపో. ఇంకేం కావాలో కోరుకో," అన్నారు.

"గుర్రం చాలు ప్రభూ. ఇంకొక్క మనవి. ఇక మీదట హుకుములు తెలుగులో ఇప్పించండి. మీ ఇంగ్లీషు మోసే బలం నాకు లేదు."

ఈసారి దొర కూడా పగలబడి నవ్వాడు. రాజుగారు సరేనన్నారు.

కొలువు చాలించాక జోగిరాజు పైడమ్మని ఆమె గది దాకా దిగబెట్టాడు. 

గుమ్మంలో ఆగి ఆమె మెల్లగా అంది. "మద్రాసులో బాబుకి తోడుగా నేనూ ఉన్నాను కదా. అక్కడ దొరసాని ఒంట సేసేవోడికి సాక్ ఇచ్చినాది. ఆడు మూట సంకనెట్టుకుని ఏడుసుకుంటూ ఎల్లిపోనాడు. ఆ మాట నాకెరికే."

జోగిరాజు ఆమె ముఖంలోకి చూశాడు. "తెలిసే వచ్చి దీవించావా అమ్మా?"

"పెంచినోడి మీద కోపం ఎన్నాళ్ళుంటాది? అయినా బియ్యం పంపినోడెవడో నాకు తెలవదేటి? సెయ్యి ఆడి తల మీదేసినాను గానీ, దీవెన్లో సగం నీకే పెట్టినాను."

జోగిరాజు శాలువాతో సహా వంగి ఆమె పాదాలకి దండం పెట్టాడు. పైడమ్మ రెండు చేతులూ అతని తల మీద ఉంచింది.